పదకొండు సార్లు నొక్కిన విన్నపం

మన విన్నపాలను మనుషులు చదవడం మానేశారు. ఈ మధ్యకాలంలో మన దీవులకు జరిగిన మేలు ఇంతకు మించి మరొకటి లేదు.

కోప్పడకండి. నేను పాతికేళ్లుగా తెలుగు చెబుతున్న బడిపంతులిని. లేఖారచన అనే పాఠం ఏటా చెబుతాను. సంబోధన ఎక్కడ రాయాలి, విషయం ఎక్కడ మొదలుపెట్టాలి, 'తమ విధేయుడు' అని ఎంత వినయంగా ముగించాలి, అన్నీ నల్లబల్ల మీద రాసి చూపించినవాణ్ణి. విన్నపం అంటే ఏమిటో కొంత తెలిసే ఈ మాట అంటున్నాను.

మనుషులు చదివే రోజుల్లో ఏం జరిగేదో తెలుసా? మా నాన్న పరంధామయ్యగారు యాభైలలో ఓడ దిగి, ఫెరార్గంజ్ బడిలో ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నారు. గుమాస్తా ఆ అర్జీని మొదటి నుంచి చివరిదాకా చదివాడట. మధ్యలో ఒకసారి ఆగి నాన్న ముఖం చూశాడట. మళ్లీ మొదటి నుంచి చదివాడట. ఒక్క కాగితానికి పూటంతా అయిపోయింది! అలా ఒక్కొక్కరి ముఖం చూస్తూ కూర్చుంటే దేశం ముందుకు పోతుందా?

ఇప్పుడా బెడద లేదు. పోర్టల్ వచ్చింది.

పోర్టల్ మన విన్నపాన్ని ఎలా అందుకుంటుందో, అందుకుని ఏం చేస్తుందో ఈ మధ్యే నేర్చుకున్నాను. యాభై రెండేళ్ల తెలుగు పంతులికి వెబ్ ఫ్రేమ్‌వర్క్ సంగతులు ఎందుకయ్యా అని మీరు అడగవచ్చు. చెబుతాను.

నేను డిగ్లీపూర్‌లో పనిచేస్తున్నాను. నా భార్య శారదాదేవికి మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ కావాలి కాబట్టి పోర్ట్‌బ్లెయిర్‌లో, డైరీ ఫార్మ్ అనే పేటలో ఒక గది అద్దెకు తీసుకుని ఆమెను అక్కడ ఉంచాను. కిందటి జూన్‌లో పోర్ట్‌బ్లెయిర్‌కు బదిలీ కోరుతూ పోర్టల్‌లో విన్నపం పెట్టుకున్నాను. నవంబరు తొమ్మిదిన ఆమె పోయింది. ఫిబ్రవరి ఇరవై ఆరున నా విన్నపం మంజూరైంది.

ఆలస్యమైందని నేను అనడం లేదు. జూన్‌లో అడిగితే ఫిబ్రవరికల్లా ఇచ్చారు. ప్రభుత్వ వ్యవహారాల్లో దీన్ని వేగం అంటారు.

చిక్కు ఆ ఉత్తర్వు నాలుగో వరుసలో ఉంది. నేను వెళ్లవలసిన బడిలో ఖాళీ లేదు. అక్కడ పనిచేస్తున్న శాంతకుమారి టీచర్‌ను తీసి నా స్థానంలోకి, డిగ్లీపూర్‌కు వేశారు. మార్చి పదిహేనులోగా చేరాలి. శాంతకుమారి భర్తకు కూడా డయాలసిస్ జరుగుతోంది. ఆయన మంచం, శారద మంచం పక్కపక్కనే ఉండేవి. నేను రాలేని రోజుల్లో, అంటే చాలా రోజుల్లో, ఆ రెండు మంచాల మధ్య స్టూలు వేసుకుని ఇద్దరినీ చూసుకున్న మనిషి ఆమె. శారదకు తల దువ్వి జడ వేసేది. ఇక డిగ్లీపూర్‌లో మాకు డయాలసిస్ లేదు. బస్సులో పోర్ట్‌బ్లెయిర్‌కు పన్నెండు గంటలు.

కాబట్టి ఇప్పుడు నా పని ఇది. మంజూరైన నా విన్నపాన్ని పదిహేనో తేదీలోగా నేనే ఆపాలి.

ఉత్తర్వు వచ్చిన సాయంత్రం శాంతకుమారి ఫోన్ చేసింది.

"మాస్టారూ, డిగ్లీపూర్‌లో ఇల్లు అద్దెకి దొరుకుతుందా?"

"దొరుకుతుందమ్మా."

"నీళ్లు బాగుంటాయా?"

"బాగుంటాయి. కానీ మీరు ఇల్లు చూసుకోవద్దు. నేను ఆపిస్తాను."

"మీరేం చేస్తారు మాస్టారూ, ఆర్డర్ కదా. కిచెన్ కొంచెం పెద్దదైతే బాగుండు, అంతే."

భర్త మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వంటగదుల గురించి ఇంకాసేపు మాట్లాడుకున్నాం.

మర్నాడే నా బదిలీ రద్దు చేయమని తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి పంపాను. దోషాలు లేని నాలుగు వాక్యాలు. వారం తర్వాత ఆఫీసు నుంచి ఒకాయన ఎంతో మర్యాదగా ఫోన్ చేశాడు.

"మాస్టర్‌జీ, కాగజ్ మత్ భేజియే. సబ్ ఆన్‌లైన్ హై. పోర్టల్‌లో డాల్ దీజియే, బస్."

కాగితం పంపవద్దట. అంతా పోర్టల్‌లో వేయాలట. నిజమే, తప్పు నాది. పోర్టల్‌లో చూస్తే 'విన్నపం ఉపసంహరణ' అని ఒక బటన్ ఉంది. నొక్కాను. ఉపసంహరించబడింది. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. మరుసటి ఉదయం అదే ఉత్తర్వు కొత్త నంబరుతో మళ్లీ వచ్చింది. మళ్లీ నొక్కాను. మళ్లీ వచ్చింది.

అప్పుడు తెలిసింది. నా విన్నపం ఒకటి కాదు, పదకొండు.

ఈ పదకొండు ఎలా వచ్చాయో చెప్పుకోవాలి. ఇది మా డిగ్లీపూర్ వాళ్లం తప్ప మరొకరు చేయలేని తప్పు. మా దీవులకు సముద్రం అడుగున కేబుల్ ఇంకా పడలేదు, పడుతుందంటున్నారు. అంతదాకా ఇంటర్నెట్ ఆకాశం నుంచి దిగాలి. డిగ్లీపూర్ చేరేసరికి దానికి ఓపిక అయిపోతుంది. మిగిలిన కాస్తా ఏరియల్ బే జెట్టీ చివర, ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన దొరుకుతుంది. టీచర్లం, నర్సులం, బ్యాంకువాళ్లం సాయంత్రాలు అక్కడే నిలబడి ఫోన్లు పైకెత్తుతాం. దూరం నుంచి చూసేవాళ్లకు సంధ్యావందనంలా ఉంటుంది.

జూన్‌లో ఆ రోజు నేను బటన్ నొక్కితే పేజీ తెల్లబడింది. పక్కన వల బాగుచేసుకుంటున్న నూకన్న తల తిప్పి చూశాడు. నూకన్నకు చదువు రాదు కానీ, జెట్టీ మీద ఏ సిమెంటు పలక దగ్గర ఎన్ని గీతల సిగ్నల్ వస్తుందో నోటికి వచ్చు.

"ఏటి మాస్టారూ, తెల్లగైపోనాదా?"

"అయిపోయింది నూకన్నా. వెళ్లిందో లేదో తెలియడం లేదు."

"ఎల్లనేదు. మళ్లీ నొక్కీయండి. గేలం ఒకపాలేసి, సేప పడనేదని ఇంటికెల్లిపోతామేటి?"

నొక్కాను. తెల్లబడింది.

"ఫిర్ సే, ఇంకోపాలి," అన్నాడు. "మా బామ్మర్ది రేసన్ కారుడుకి పద్నాలుగుపాల్లు నొక్కినాడు. ఆడికి కారుడొచ్చీసింది. మీరు సదూకున్నోలు, మీకు అంతకన్నా తక్కువే పడతాది."

పదకొండోసారి 'అందినది' అని జవాబు వచ్చింది. నూకన్న లెక్క తప్పలేదు, పద్నాలుగు కంటే తక్కువే పట్టింది. తర్వాత తెలిసిన సంగతేమిటంటే, విన్నపం వెళ్లడం అన్నిసార్లూ వెళ్లింది. జవాబే తిరిగి రాలేదు.

పోర్టల్ దృష్టిలో పదకొండు విన్నపాలంటే పదకొండు వేరువేరు విన్నపాలు. ఒకటి తీసేస్తే తర్వాతది వరుసలో ముందుకు వస్తుంది. రోజుకు ఒక్కటే తీయాలని నిబంధన. రెండు తీసేసరికి మార్చి ఆరో తేదీ. మిగిలినవి తొమ్మిది, మిగిలిన రోజులు తొమ్మిది. సరిపోయేదే. కానీ ఆదివారం పోర్టల్ మెయింటెనెన్స్‌లో ఉంటుంది. ఒకటి మిగిలిపోతుంది. శాంతకుమారిని డిగ్లీపూర్ పంపడానికి ఒక్కటి చాలు.

సెలవు పెట్టి తెల్లవారుజామున పోర్ట్‌బ్లెయిర్ బస్సెక్కాను.

గణేశ్వరరావు నా పాత విద్యార్థి. ఏడో తరగతిలో ఛందస్సు అంటే భయపడి బెంచీ కింద దాక్కునేవాడు. ఇప్పుడు ఆ పోర్టల్ బాగోగులు చూసే చిన్న కంపెనీలో పనిచేస్తున్నాడు. డైరీ ఫార్మ్‌లో టైర్ల దుకాణం మీద ఒక గది, అందులో రెండు కంప్యూటర్లు, ఒక బల్లి. అదే కంపెనీ.

"అరే సార్! బైఠియే, కూర్చోండి. ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా."

"డిగ్లీపూర్‌కా?"

"ఆఁ... అదీ నిజమే," అని కుర్చీ తుడిచాడు.

విషయం చెప్పాను. నా విన్నపాలు ఎక్కడికి వెళ్లాయో, ఎవరి దగ్గర ఉన్నాయో, వాళ్లను పట్టుకుని బతిమాలాలని అనుకుంటున్నానని చెప్పాను. అతను కాసేపు తల గోక్కున్నాడు.

"సార్, బతిమాలడానికి అక్కడ ఎవరూ లేరు. ఎలా చెప్పను... మీరు బటన్ నొక్కగానే మీ బ్రౌజర్ ఒక కవరు తయారుచేస్తుంది. కవరు మీద మొదట ఉండేది, మీరు చూడడానికి వచ్చారా, ఇవ్వడానికి వచ్చారా అని. తర్వాత ఏ తలుపు కొట్టాలో. దాని కింద హెడర్లు. మత్‌లబ్, మీది ఏ బ్రౌజర్, మీకు ఏ భాష ఇష్టం, ఇలాంటివి. లోపల మీరు నింపిన ఫారం."

"నాకు ఏ భాష ఇష్టమో కూడా రాస్తుందా?"

"రాస్తుంది సార్. మీ ఫోన్ తెలుగులో పెట్టుకున్నారు కదా. పదకొండుసార్లూ 'ఈయనకు తెలుగు ఇష్టం' అని రాసే ఉంటుంది."

"మరి జవాబు ఇంగ్లీషులో వచ్చిందే?"

"అది మేం చూడం సార్."

గమనించండి పాఠకులారా. మన భాషాభిమానాన్ని మనం అడక్కుండానే ప్రతి కవరు మీదా రాసి పంపుతున్నారు! ఏ ప్రభుత్వమైనా తెలుగుకు ఇంత సేవ చేసిందా? చూడకపోతేనేం?

గణేశ్వరరావు చెబుతున్నాడు. కవరు చేరగానే ఫ్రేమ్‌వర్క్, అంటే పోర్టల్‌ను నిలబెట్టే సరంజామా, దాన్ని చింపుతుంది. లోపలివి, పైవి అన్నీ సర్ది ఒకే మూట కడుతుంది. ఆ మూట పేరు రిక్వెస్టు. ఆపైన కవరుతో ఎవరికీ పని లేదు. ఉద్యోగి నంబరు ఇవ్వు అంటే మూట ఇస్తుంది. బడి కోడ్ ఇవ్వు అంటే ఇస్తుంది. విసుక్కోదు, నీళ్లు నమలదు, 'పిల్లలు ఎంతమంది' అని ఎదురు అడగదు.

మూట నేరుగా లోపలికి వెళ్లదు. దారిలో చెక్‌పోస్టులుంటాయి. "జిర్కాటాంగ్‌లో మన బస్సు ఆపుతారు కదా సార్, ఇక్కడా అంతే," అన్నాడు. ఒకటి, మీరు లాగిన్ అయ్యారా లేదా చూస్తుంది. ఇంకొకటి, ఈ ఫారం మా పేజీ నుంచే వచ్చిందా, ఎవరైనా దొంగగా పంపారా అని చూస్తుంది. మరొకటి మీరు రాసిన మాటలకు అటూ ఇటూ ఉన్న ఖాళీలను కత్తిరిస్తుంది. నాకిది బాగా నచ్చింది. ఒక మాట రాసే ముందూ, రాసిన తర్వాతా మనిషి కాస్త ఆగుతాడు. ఆ ఆగిన జాగా ఎవరికి కావాలి?

"మరి నేను ఇంతకుముందు పంపిన పదింటి సంగతి దానికి గుర్తుండదా?"

"ఉండదు సార్. ఒక రిక్వెస్టుకి ఒకే జన్మ. జవాబు ఇవ్వగానే మూట పడేస్తాం. మళ్లీ వస్తే మీరు కొత్త మనిషే."

"లాగిన్ గుర్తుంటుందే?"

"అది కుకీ సార్. మొదటిసారి మీకు ఒక చీటీ ఇస్తాం. వచ్చిన ప్రతిసారీ మీ బ్రౌజర్ ఆ చీటీ చూపిస్తుంది. గుర్తుపెట్టుకోవడం మీ వైపు పని."

ఇంత న్యాయమైన ఏర్పాటు నేను ఎక్కడా చూడలేదు. బాధ ఎవరిదో, గుర్తుపెట్టుకునే పని కూడా వాళ్లదే.

ఈ పద్ధతిని మనం పోర్టల్‌కే పరిమితం చేస్తున్నామన్నదే నా విచారం. ప్రతి సంస్థా దీన్ని అనుసరించాలి. పెళ్లిచూపుల్లో అబ్బాయి తరఫువాళ్లు పదిహేను మంది వచ్చి కాఫీలు తాగే బదులు ఒక మూట పంపవచ్చు. శవం దగ్గరకు పరామర్శకు వెళ్లేవాళ్లు వరుసలో నిలబడి ఏం మాట్లాడాలో తెలియక గడియారం చూసే బదులు, సంబంధం, వచ్చిన సమయం, వెళ్లిన సమయం అని మూడు గడులు నింపవచ్చు. దేవుడికి కూడా ఈ ఏర్పాటు ఉంటే ఎంత బాగుండేదో! ఒక్కొక్కరి గోడూ చివరిదాకా వినబట్టే కదా ఆయనకు ఎవరి పనీ చేయడానికి తీరిక దొరకడం లేదు.

నా తరగతిలోనే మొదలుపెడదామని చూశాను. సెలవు చీటీలో పేరు, తేదీ తప్ప చదవకూడదని నిశ్చయించుకున్నాను. మొదటి చీటీ ఎనిమిదో తరగతి అమ్మడుది. పేరు చూశాను, తేదీ చూశాను, సంతకానికి పెన్ను తీశాను. పాత అలవాటు కొద్దీ చూపు కిందికి జారింది. 'మా పడవకు రంగు వేస్తున్నాము. పేరు రాయవలెను. మా నాన్నకు రాదు. నేనే రాయవలెను' అని ఉంది. రెండు రోజుల సెలవు ఇచ్చి, 'నల్లరంగు ఆరిన తర్వాత తెల్లరంగుతో రాయి' అని పక్కన రాశాను. ప్రయోగం అక్కడితో చెడిపోయింది. సంస్కరణలకు మనుషులే అడ్డు.

తిరిగి గణేశ్వరరావు గదికి వస్తాను.

"కారణం అనే గడిలో నేను మూడు వాక్యాలు రాశాను," అన్నాను. నిజానికి ఆ మూడు వాక్యాలకు నాలుగు రోజులు పట్టింది. రెండువందల యాభై అక్షరాలు మించకూడదు, ఇంగ్లీషులో ఉండాలి, జాలి పుట్టించాలి కానీ అడుక్కున్నట్టు ఉండకూడదు. "అది ఎవరు చదివారో తెలిస్తే, ఆయన దగ్గరకు వెళ్లి, ఆ కారణం ఇప్పుడు లేదు అని చెబుతాను."

అతను బల్లి వైపు చూశాడు.

"సార్... మూటలో ఇరవై గడులుంటాయి. మా ప్రోగ్రాం నాలుగే అడుగుతుంది. ఉద్యోగి నంబరు, కోరిన బడి, సర్వీసు, సబ్జెక్టు."

"కారణం?"

"మూటలో ఉంటుంది సార్. ఎవరూ అడగరు."

"మూటతో పాటే పోతుందా?"

"పోతుంది."

"మరి ఫారంలో ఎందుకు పెట్టారు?"

"డిజైన్‌లో ఉంది సార్. కంపల్సరీ కూడా. రాయకపోతే ఫారం వెళ్లదు."

"డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను."

"అది టెంపరరీ జాగాలోకి వస్తుంది. అక్కడి నుంచి తీసి దాచమని ప్రోగ్రాంలో రాయాలి. అది రాయలేదు. కాబట్టి రిక్వెస్టుతో పాటే..."

"ఎంతసేపు ఉంటుంది?"

"ఒక సెకను సార్. పెద్ద ఫైలైతే రెండు."

ఆ కాగితం కోసం శారద రెండు రోజులు ఆసుపత్రి బెంచీ మీద కూర్చుంది. ఆ సంగతి గణేశ్వరరావుకు చెప్పలేదు. అతను అప్పటికే ఎక్కం తప్పు అప్పజెప్పిన పిల్లవాడిలా ఉన్నాడు.

"అయితే నన్ను ఎలా ఎంచుకుంది?"

"పాయింట్లు సార్. భార్యకో భర్తకో దీర్ఘకాల చికిత్స జరుగుతుంటే ఇరవై పాయింట్లు. శాంతకుమారి మేడంకి కూడా ఆ ఇరవై ఉన్నాయి. మీకు సర్వీసు ఎక్కువ, అందుకని మీరు పైకి వెళ్లారు. ఆ ఇరవై మీ ఫారం నుంచి రావు, మీ సర్వీసు ప్రొఫైల్ నుంచి వస్తాయి. రోజూ జాబితా వేసేటప్పుడు ప్రొఫైల్ కొత్తగా చూస్తుంది."

"అంటే?"

"అంటే... ప్రొఫైల్‌లో ఒక గడి మారితే తొమ్మిది విన్నపాలూ ఒకేసారి పడిపోతాయి సార్. ఒక్కొక్కటీ తీయక్కర్లేదు."

"ఏ గడి?"

అతను ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

వైవాహిక స్థితి: వివాహితులు. దాని కింద, జీవిత భాగస్వామి చికిత్సలో ఉన్నారా: ఉన్నారు.

ఇక్కడ నేను యంత్రం పక్షాన ఒక మాట చెప్పాలి. తప్పు దానిది కాదు. దానికి ఎవరు చెప్పారు? రేషను కార్డులో పేరు తీయించాను. బ్యాంకులో తీయించాను. అద్దె గది ఖాళీ చేసి తాళం ఇచ్చేశాను. పోర్టల్‌లో మాత్రం ఆ గడి ముట్టుకోలేదు. మరచిపోయానంటే అబద్ధం అవుతుంది. సెలవులు ఎన్ని మిగిలాయో చూసుకునే నెపంతో నాలుగు నెలల్లో చాలాసార్లు ఆ పేజీ తెరిచాను. తెరిచినప్పుడల్లా ఆమె చికిత్సలో ఉంది. మనం చెప్పినదాన్ని ఇంత నమ్మకంగా, ఇంత ఓపికగా పట్టుకుని ఉండేది ఈ దీవుల్లో ఇంకెవరున్నారు?

ఆ నమ్మకానికి బదులుగా శాంతకుమారి భర్త మంచం పక్క స్టూలు వదిలి వెళ్లాలి. అంతే ఖరీదు.

గడి మీద నొక్కితే నాలుగు మాటలు కిందికి జారాయి. అవివాహితులు, వివాహితులు, విడాకులు పొందినవారు, భాగస్వామిని కోల్పోయినవారు. చివరిది ఎంచుకున్నాను. 'ఈవెంటు తేదీ' అని ఇంకో గడి తెరుచుకుంది. బడి వార్షికోత్సవాన్ని కూడా ఈవెంటే అంటాం. తేదీ చేత్తో రాయడానికి వీల్లేదు, క్యాలెండర్‌లో చూపించాలి. క్యాలెండర్ మార్చి దగ్గర తెరుచుకుంది. ఎడమవైపు బాణం నొక్కాను. ఫిబ్రవరి. జనవరి. డిసెంబరు. ఎక్కడా తొందరపెట్టలేదు. నవంబరు వచ్చాక తొమ్మిది మీద వేలు పెట్టాను.

"సర్టిఫికెట్ అడుగుతుంది సార్," అన్నాడు గణేశ్వరరావు కిటికీ దగ్గర నుంచే. "ఇంటికెళ్లి తెచ్చుకుని రేపు..."

"సంచిలో ఉంది."

అతను తీసుకుని స్కాన్ చేశాడు.

"దీన్ని మాత్రం పర్మనెంట్‌గా దాస్తాం సార్," అన్నాడు. అన్నాక తానేమన్నాడో అర్థమై తల దించుకున్నాడు.

"మంచిది," అన్నాను.

"సార్, ఒక్కసారే నొక్కండి. ఇక్కడ నెట్ బాగుంటుంది."

ఒక్కసారే నొక్కాను. రెండు సెకన్లు పట్టింది. తెర మీద ఆకుపచ్చ పట్టీ వచ్చింది. 'అభినందనలు! మీ వివరాలు విజయవంతంగా మార్చబడ్డాయి!' అని ఇంగ్లీషులో ఉంది. రెండు ఆశ్చర్యార్థకాలు.

"అది అందరికీ ఒకటే మెసేజ్ సార్. డిఫాల్ట్. నేను... మార్పించేస్తాను."

"మార్చవద్దులే. వాక్యం సరిగ్గానే ఉంది."

అతను కిందికి దిగి బస్టాండు దాకా నా సంచి మోశాడు. చివర్లో, "సార్, ఆ కారణం గడిని ఎవరైనా చదివేటట్టు ప్రోగ్రాం మార్చమని ఆఫీసుకి రాస్తాను," అన్నాడు.

"ఎలా రాస్తావు?"

"పోర్టల్‌లోనే సార్. ఇంకెలా," అన్నాడు. అన్నాక ఇద్దరం కొంచెం నవ్వుకున్నాం.

ఆ పూట బస్సు దొరకలేదు. ఒక స్నేహితుడి ఇంట్లో ఉండిపోయాను. మర్నాడు ఉదయానికల్లా నా తొమ్మిది విన్నపాల ఎదురుగా 'అర్హత లేదు' అని వచ్చింది. శాంతకుమారి బదిలీ రద్దయింది. ఇందులో ఏ అధికారీ జోక్యం చేసుకోలేదు, ఎవరి సిఫారసూ లేదు, ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. పారదర్శకత అంటే ఇదీ!

తొమ్మిది గంటలకు శాంతకుమారి ఫోన్ చేసింది. వెనక ఆసుపత్రి చప్పుళ్లు వినబడుతున్నాయి.

"మాస్టారూ, ఆగిపోయింది. మెసేజ్ వచ్చింది. మీరేం రాశారు?"

"ఏమీ రాయలేదమ్మా. ప్రొఫైల్‌లో ఒక గడి మార్చాను."

ఆమె కూడా అదే ప్రొఫైల్ నింపిన ఉద్యోగి. ఏ గడులుంటాయో తెలుసు.

"పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉన్నారా?"

"ఉన్నాను."

"పొద్దున్నించి ఏమైనా తిన్నారా?"

చూశారా! ఇందులో ఉద్యోగి నంబరు లేదు, బడి కోడ్ లేదు, ఏ మూటలోనూ ఇలాంటి గడి లేదు. పదకొండు విన్నపాలు పంపిన తొమ్మిది నెలల్లో ఈ ప్రశ్న అడిగి ఎవరూ నా సమయం వృథా చేయలేదు. అలవాటు తప్పడం వల్ల జవాబు వెంటనే దొరకలేదు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. అవతల ఆమె ఫోన్ పెట్టకుండా అలాగే పట్టుకుని ఉంది. మనుషులతో వ్యవహారం పెట్టుకుంటే ఇదే ఇబ్బంది. పోర్టల్ అయితే ముప్పై సెకన్లు చూసి నన్ను వదిలేసేది.